గడియారముల పంచాయితి



పలు గడియారములు గల యొక యంత్రములో ఒక గడియారము చెడిపోయి తప్పుకాలము చెప్పుచుండఁగా, తక్కిన గడియారములు దాని వలలోఁ బడక, తమలోఁ దామొక కాలమునకు ఎట్లు కట్టుపడి యుండఁగలవు? ఇదియే నేఁటి ప్రసంగవిషయము. వినుటకిది గడియారములు బాగుచేయువాని పనివలెఁ దోఁచును. కాని దీని మూలము సాక్ష్యవిచారము. ఎవఁడు నిజము చెప్పుచున్నాఁడో ఎవఁడు బొంకుచున్నాఁడో తెలియని చోట తీర్పు చెప్పవలసి వచ్చిన పెద్దమనుష్యుల చిక్కే యిక్కడి చిక్కును. రచ్చబండమీఁదఁ గూర్చుండి పలువుర మాటలు విని తలనెరసిన మీకు ఈ విషయము లెక్కలు చదివిన బాలురకంటె త్వరగా అంతుపట్టునని నా నమ్మకము.

మన పూర్వులు కాలమును గడియకుడుకతోఁ గొలిచిరి. అడుగున సన్నని బెజ్జము గల రాగికుడుకను నీటితొట్టిలోఁ దేలవిడువఁగా, నీరు బెజ్జముగుండ లోపలి కెక్కి కుడుక మునుఁగుటకు పట్టుకాలమే యొక గడియ. అనఁగా నేఁటి లెక్కకు 24 నిమిషములు. అట్టి గడియలు 60 చేరిన ఒక దినము. బెజ్జములో నలుసు చిక్కుకొన్నచో కుడుక ఆలసించి మునుఁగును. బెజ్జమఱిగి పెద్దదైనచో తొందరపడును. ఒకే కంచరి ఒకే దినమునఁ జేసిన రెండు కుడుకలైనను కొన్నాళ్లు నడచిన పిదప ఒక్క క్షణమున మునుఁగవు. చేసినవాఁడెంత నిపుణుఁడైనను, కాలము గొలుచు సాధనము క్రమక్రమముగా తన దారిని తాను పోవును. ఈ మాట కుడుకకెంత నిజమో నేఁటి గడియారమునకును అంతే నిజము.

నేఁడు గోడమీఁదను ముంజేతిమీఁదను ఉండు గడియారములలో నొక చిన్న స్ఫటికపుముక్క యున్నది. విద్యుత్తు తగిలింపఁగా అది సెకనునకు 32,768 మార్లు కంపించును. ఆ సంఖ్యను వరుసగా పదునైదుమార్లు సగము చేసినచో ఒకటి మిగులును. అదియే సెకనుముల్లు వేయు నొక్క యడుగు. ఈ సంఖ్యను ఎన్నుకొనుటకు ఇది యొక ముఖ్యకారణము. స్ఫటికము గట్టిదే గాని అదియు ఎండకును చలికిని లోఁబడినదే. సాధారణమైన స్ఫటికము పదిలక్షలకు కొన్ని పదుల పాళ్లు హెచ్చుగానో తగ్గుగానో నడచును. పదిలక్షలకు 50 పాళ్లు వేగముగా నడచునది యొకటియు, అంతే మందముగా నడచునది యొకటియు ప్రక్కప్రక్క నుంచినచో ఒక దినములో వాని నడుమ ఎనిమిదిన్నర సెకనులకు మించిన యంతర మేర్పడును. ఇంటిలో దీనిని లెక్కచేయువారుండరు. పెండ్లిముహూర్తమునకైనను ఎనిమిది సెకనుల తేడాకు పురోహితుఁడు పట్టుపట్టఁడు. సెకనును పదిలక్షల ముక్కలుచేసి ఒక్కొక్క ముక్కతోఁ బని జరుపు యంత్రములకు మాత్రము ఇది మహాపరాధము. ఆ ముక్కకు మైక్రోసెకనని పేరు.

అట్టి యంత్రములెవ్వియనఁగా, నేఁటి విమానములు, మోటారుకార్లు, ఆకాశమునకుఁ బంపు నౌకలు. వీనిలో ఒక్క గణనయంత్రము కాక, అనఁగా కంప్యూటరు కాక, పలు చిన్న కంప్యూటరులు పలుచోట్ల నమర్పఁబడి యుండును. రెక్కను కదల్చున దొకటి, వేగము గొలుచున దొకటి, చక్రమున కడ్డుపట్టున దొకటి. ఇవి యన్నియు ఒకే తీఁగెమీఁద మాటలాడుకొనును. రెండు ఒక్కసారి మాటలాడినచో రెండు మాటలును చెడిపోవును. కాఁబట్టి వీనికి వంతులు ఏర్పఱచుచున్నారు.

చెఱువుక్రింది కాలువ నీటికి రైతులు వంతులు వేసికొనుట మీ రెఱుఁగుదురు. రామయ్య వంతు మొదటి రెండు గడియలు, సోమయ్య వంతు తరువాతి రెండు గడియలు. ఎవరును ఎవరిని అడుగనక్కఱలేదు; వేళకు పోయి మడవ కట్టుకొనుటయే. కాని రామయ్య యింటి గడియారమును సోమయ్య యింటి గడియారమును ఒకటే చెప్పవలెను. చెప్పకున్న ఇద్దఱును ఒక్కసారి మడవవద్దకు వత్తురు. తరువాతి కథ పారలతో జరుగును. యంత్రములోఁ బారలు లేవు గాని అంతకంటెఁ గీడు కలదు: బ్రేకునకుఁ బోవలసిన యాజ్ఞ పోదు.

ఇక్కడ నొక భేదము గమనింపవలెను. గడియారములు సూర్యునితో సరిపోవుట వేఱు, తమలోఁ దాము సరిపోవుట వేఱు. బడిలో గంటకొట్టువాఁడు పది నిమిషములు ఆలస్యముగాఁ గొట్టినను తరగతులు ఒకదానితో నొకటి ఢీకొనవు, ఏలయన బడియంతయు కలిసియే ఆలసించును. ముప్పదియేండ్లకు పైఁగా గంట విని పాఠము చెప్పినవాఁడను గనుక ఈ సంగతి నాకుఁ బాగుగాఁ దెలియును. విమానములోని కంప్యూటరులకు ముఖ్యముగాఁ గావలసినది ఈ రెండవది: తమలోఁ దాము ఏకమగుట.

అట్లయినచో బడిగంటవలె ఒక పెద్దగడియారము నుంచి తక్కినవన్నియు దానినే అనుసరించిన చాలదా యని మీరడుగవచ్చును. విరాటపర్వమున అజ్ఞాతవాసపు గడువు ముగిసినదా లేదా యని కౌరవులలో వివాదము పుట్టఁగా, భీష్ముఁడు అధికమాసములు లెక్కగట్టి గడువు నిండినదని చెప్పెను. అక్కడ లెక్క తెలిసిన పెద్దయొకఁడు కలఁడు. యంత్రములో అట్టి పెద్ద నొకనిని నిలుపవచ్చును గాని, ఆ యొక్కఁడే పడిపోయిననాఁడు అందఱును పడిపోవుదురు. ఆకాశముననున్న ఉపగ్రహములు పంపు కాలమును నమ్ముదమన్నను అదియు ఒక్క నూలుపోగునకు వ్రేలాడుటయే. దానిని గ్రహించు సాధనము చెడవచ్చును, శత్రువు దానిని కప్పివేయవచ్చును. కావున పెద్ద లేని పంచాయితి కావలెను. అందఱును సమానులే. వారిలో ఒకఁడు చెడవచ్చును. ఎవఁడు చెడినాఁడో ముందుగాఁ దెలియదు. అయినను తీర్పు చెడరాదు. దీనికే దోషసహమైన కాలసమన్వయమని పేరు పెట్టుకొందము.

ఈ ప్రశ్న అమెరికాదేశమున 1970వ దశకములో పదునెక్కెను. విమానమును పూర్తిగా కంప్యూటరులే నడపునట్లు చేయవలెనని అచ్చటి నాసా సంస్థ తలఁచెను. కంప్యూటరు చెడి విమానము కూలు నవకాశము గంటకు నూఱుకోట్లలో ఒక పాలునకు మించరాదని నియమము పెట్టిరి. ఒక్క కంప్యూటరును అంత నమ్మకముగాఁ జేయుట యెవరితరమును గాదు. కాలిఫోర్నియాలోని ఎస్.ఆర్.ఐ. అను పరిశోధనసంస్థకు ఆ పని యప్పగింపఁగా, వారు పలు సామాన్య కంప్యూటరులను చేర్చి, అన్నియు ఒకే లెక్క చేయునట్లును, పెక్కురు చెప్పినదే ఫలితముగాఁ గైకొనునట్లును ఒక యేర్పాటు చేసిరి. దానికి సిఫ్ట్ అని పేరు. ఓట్లు లెక్కించుటకు అందఱును ఒకే వేళకు ఓటు వేయవలెను గదా! అక్కడ గడియారముల ప్రశ్న అడ్డువచ్చెను.

లోకమునఁ జాలమంది యనుకొనునది, మూఁడు గడియారములున్న చాలునని. ఒకటి చెడిన తక్కిన రెండును దానిని పట్టుకొనునఁట! ఇది నిజమువలె నున్న అబద్ధము. ఎట్లో చూతము.

రంగయ్య, సీతయ్య, చెడిన గడియారము గల భూషయ్య యని మువ్వురనుకొనుఁడు. రంగయ్య గడియారము 100 చూపుచున్నది, సీతయ్యది 110. ఇవి రెండును మంచివే. కాలక్రమమున ఇంత యెడము వచ్చినది. ఇపుడు మువ్వురును ఒకరి కాలమొకరికి చెప్పుకొని, పెద్దసంఖ్యను చిన్నసంఖ్యను విడిచి నడిమిదానిని గైకొనవలెనని నియమము. భూషయ్య రంగయ్యతో 90 అని చెప్పెను; సీతయ్యతో 120 అని చెప్పెను. రంగయ్య విన్నవి 90, 100, 110. నడిమిది 100, అదియే తనది. కావున తాను కదలఁడు. సీతయ్య విన్నవి 100, 110, 120. నడిమిది 110, అదియు తనదే, తానును కదలఁడు. ఇద్దఱును ధర్మముగానే నడచుకొనిరి, అయినను ఇద్దఱి నడుమనున్న యెడము తగ్గలేదు. మఱునాఁడు అది యింకను పెరుఁగును. భూషయ్య మరల అట్లే చెప్పును. నియమమును మార్చి చూచినను ఇంతే. మువ్వురిలో ఒకఁడు రెండునాలుకలవాఁడైనచో ఏ నియమము చేతను తక్కిన యిద్దఱిని కలుపుట సాధ్యముకాదని డోలెవ్, హాల్‌పెర్న్, స్ట్రాంగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1984లో నిరూపించిరి.

ఇక్కడ మీకొక యాక్షేపము తోఁచవలెను. మనుష్యుఁడు రెండునాలుకలవాఁడగును గాని గడియారము రంగయ్య కొకటి సీతయ్య కొకటి చెప్పుటెట్లు? ప్రాణములేని వస్తువునకు కపటమెక్కడిది? యుక్తమైన ప్రశ్నయే. కపట మక్కఱలేదు. గడియారము పంపు విద్యుత్స్పందము ఒక నిర్ణీతమైన మట్టమును దాఁటినపుడు వినువాఁడు దానిని గుర్తించును. చెడిన గడియారము బలహీనమైన స్పందమును పంపినచో అది మట్టమునకు సరిగా అంచున నిలుచును. దగ్గఱనున్నవాఁడు దాఁటినదనును, దూరమున నున్నవాఁడు దాఁటలేదనును. ఇద్దఱి చెవులును మంచివే. దూరమున మ్రోఁగిన గుడిగంట గాలివాటున నొకయింటికి వినిపించి, ఎదురింటికి వినిపింపకపోవుట వంటిది. పంపినవాఁడు పంపినది ఒక్కటే, విన్నవారికి రెండైనది. తీఁగె కొంచెము వదులైనను, స్ఫటికమునకు వేఁడి యెక్కువైనను ఇట్లు జరుగవచ్చును.

తర్కశాస్త్రమున ఆప్తవాక్యము ప్రమాణమని చెప్పుదురు. ఆప్తుఁడనఁగా ఉన్నదున్నట్లు చెప్పువాఁడు. ఇక్కడి చిక్కెల్ల ఎవఁడాప్తుఁడో తెలియకపోవుటలోనే యున్నది. పైఁగా, మంచి గడియారములు కూడ ఒకే సంఖ్య చెప్పవు. కొంచెము కొంచెము భేదించును. కావున ఇద్దఱు ఒకేమాట చెప్పిరి గనుక అదియే నిజమనుటకును వీలులేదు.

ఎస్.ఆర్.ఐ. సంస్థలో ఈ విచారము చేసినవారు రాబర్టు షోస్టాకు, మార్షల్ పీజు, లెస్లీ లాంపోర్టు. ఒక్క దుష్టుని సహించుటకు నలుగురు కావలెనని షోస్టాకు మొదట గ్రహించెను. దుష్టులెందఱైనను, వారికి మూఁడురెట్లును మఱియొకఁడును ఉండవలెనని పీజు విస్తరించెను. అనఁగా ఇద్దఱు దుష్టులకు ఏడుగురు, మువ్వురకు పదుగురు. ఈ ఫలితము 1980లో ప్రకటితమయ్యెను. 1982లో లాంపోర్టు దీనికొక కథ కట్టెను. ఒక పట్టణమును ముట్టడించిన సేనానులు దూతలద్వారా మాటలాడుకొని, అందఱును ఒక్కసారి దాడిచేయవలెనో మరలిపోవలెనో నిశ్చయింపవలెను. వారిలోఁ గొందఱు ద్రోహులు. ఆ సేనానులను మొదట అల్బేనియా దేశస్థులని చెప్పఁదలఁచెనఁట. ఆ దేశస్థులు లోకమున నింకను ఉన్నారు, వారికిఁ గోపము రావచ్చునని తోడివాఁడొకఁడు హెచ్చరింపఁగా, ఎన్నఁడో అంతరించిన బైజాంటియ సామ్రాజ్యపు సేనానులని మార్చెను. అందుచేత ఈ రెండునాలుకల దోషమునకు నేఁటికిని బైజాంటియదోష మనియే పేరు. కోపగించువారు లేనిచోట నింద వేయుట పండితులందఱికిని తెలిసిన యుపాయమే గదా!

ఇఁక నలుగురున్నచో ఏమి జరుగునో చూతము. ఇది ప్రసంగమునకెల్ల ముఖ్యమైన భాగము. చదువువారు పలకమీఁద సంఖ్యలు వేసికొని చూచుట మేలు.

రంగయ్య గడియారము 100, సీతయ్యది 104, వెంకయ్యది 110. ఈ మూఁడును మంచివి. నాల్గవవాఁడు భూషయ్య. నియమమిది: ప్రతివాఁడును నాలుగు సంఖ్యలను వరుసగాఁ బేర్చి, అన్నిటికంటెఁ జిన్నదానిని పెద్దదానిని త్రోసివేసి, మిగిలిన రెండింటికిని నడిమిసంఖ్యను తన కాలముగా దిద్దుకొనవలెను. భూషయ్య రంగయ్యతో సున్న యని చెప్పెను. రంగయ్య వరుస 0, 100, 104, 110. కొనలు రెండును పోఁగా 100, 104 మిగిలెను, నడిమిది 102. భూషయ్య సీతయ్యతో 200 అనెను. సీతయ్య వరుస 100, 104, 110, 200. కొనలు పోఁగా 104, 110, నడిమిది 107. వెంకయ్యతో యోగ్యునివలె 106 అనెను. ఆ వరుస 100, 104, 106, 110. కొనలు పోఁగా నడిమిది 105. ఇపుడు మంచి గడియారములు మూఁడును 102, 107, 105 చూపుచున్నవి. మొదట వానినడుమ ఎడము 10, ఇపుడు 5. భూషయ్య ముగ్గురికి మూఁడుమాటలు చెప్పియు ఎడము సగమగుటను ఆపలేకపోయెను.

ఇది యీ సంఖ్యలకు పట్టిన యదృష్టము కాదు. కారణము చెప్పెదను. భూషయ్య అన్నిటికంటెఁ దక్కువ చెప్పినచో ఆ మాటయే త్రోసివేయఁబడును. దానితోఁ బెద్దదైన వెంకయ్య సంఖ్యయుఁ బోవును. మిగులునవి రంగయ్యవి సీతయ్యవి. అన్నిటికంటె నెక్కువ చెప్పినచో, మిగులునవి సీతయ్యవి వెంకయ్యవి. నడుమ నేదైనఁ జెప్పినచో కొనలయందలి రంగయ్య వెంకయ్యల సంఖ్యలు పోయి, సీతయ్యదియు భూషయ్యదియు మిగులును. అపుడు భూషయ్య చెప్పినది మంచివారి సంఖ్యల నడుమనే యున్నది గనుక హాని లేదు. ఎట్లు చూచినను ప్రతివాని క్రొత్తకాలము రంగయ్య సీతయ్యల నడిమికిని, సీతయ్య వెంకయ్యల నడిమికిని మధ్యనే పడును. ఆ రెండు నడుముల యెడము మొదటి యెడములో సరిగా సగము. ఇట్లు మాటిమాటికిఁ జేయఁగా సగము, పావు, అరపావు అగుచుఁ బోవును. బొంకువాఁ డెవఁడో కనిపెట్టలేదు, వెలివేయలేదు. వానిమాటకు బలము లేకుండఁ జేసితిమి. అంతే.

ఊరక నాలుగు సంఖ్యలను కూడి నాలుగింట భాగించిన నేమియని కొందఱడుగుదురు. భూషయ్య వేయి యని చెప్పినచో 100, 104, 110లకు సగటు 328 దాఁటును. ఒక్కని అబద్ధమునకు ముగ్గురి నిజము కొట్టుకొనిపోవును. కొనలు కోయుటలోనే పద్ధతి ప్రాణమంతయు నున్నది.

ఈ పద్ధతిని 1984లో ప్రకటించినవారు జెనిఫర్ లుండేలియస్, నాన్సీ లించి యను ఇద్దఱు విదుషీమణులు. అంతకు కొంచె మటునిటుగా ఇతరులు వేఱు పద్ధతులు చెప్పిరి. లాంపోర్టును మెలియర్‌స్మిత్తును 1985లోఁ బ్రకటించినదానిలో, ఒకఁడు చెప్పిన కాలము తనకాలమునకు మితిమీఱిన దూరమున నున్నచో దానిని విడిచి, ఆ స్థానమున తనకాలమునే యుంచి, పిదప సగటు గట్టవలెను. దస్కతు చేసిన పత్రమువలె మార్చరాని గుఱుతును ప్రతిమాటకును తగిలించినచో నలుగురికంటెఁ దక్కువమందియు చాలుదురని మఱికొందఱు చూపిరి. రంగయ్యకిచ్చిన పత్రమును సీతయ్యకిచ్చిన పత్రమును ప్రక్కన నుంచి చూచినపుడు భూషయ్య బయటఁబడును గదా. కాని సెకనులో వేలమార్లు జరుగు పనిలో దస్కతులు పరిశీలించుచుఁ గూర్చుండుట బరువైన పని.

నే నింతవఱకు చెప్పినదానిలో రెండు సంగతులు సులువు చేసితిని. ఒకటి, ఇతరుని కాలము తెలిసికొనుట. ఉత్తరము వ్రాసి తెలిపినచో అది చేరులోపల కాలము గడచును. దీనికి చక్కని యుపాయ మున్నది. వంతులు అందఱికిని ముందే తెలియును గనుక, కాలమును మాటలతోఁ జెప్పనక్కఱయే లేదు. సీతయ్య వంతు ఎప్పుడు మొదలు కావలెనో రంగయ్యకుఁ దెలియును. సీతయ్య మాట ఆ వేళకు ముందే వినఁబడినచో సీతయ్య గడియారము ముందున్నదని యర్థము. ఆలస్యముగా వినఁబడిన వెనుకనున్నది. జాముగంట విని మన గడియారమును సరిచూచుకొనుట వంటిదే. తీఁగెలోఁ బ్రయాణించుటకుఁ బట్టుకాలమును ముందే కొలిచి తీసివేయుదురు. ఆ కొలఁతలో కొంత తప్పు మిగులును. కాఁబట్టి ఎడము సున్న కాదు, ఒక చిన్న మితికి లోఁబడి యుండును.

రెండవది, ఒకమారు దిద్దుకొన్నంత మాత్రమున చాలదు. ఇందాకటి రెండు స్ఫటికములు సెకనునకు 100 మైక్రోసెకనుల చొప్పున ఎడమగును. ఎడము 10 మైక్రోసెకనులకు లోఁబడి యుండవలెనన్నచో సెకనులో పదియవవంతునకొకమారైనను పంచాయితి కూడవలెను. అందుచే కొన్ని యేర్పాట్లలో ముల్లును జరుపుటయే కాక, నడకనుగూడ దిద్దుచున్నారు. ప్రతిసారియు తాను అందఱికంటె ముందే యుండుచున్నానని తెలిసినవాఁడు ముల్లు వెనుకకుఁ ద్రిప్పుకొనుటతో నాఁగక, తన పరుగునే కొంచెము తగ్గించుకొనును.

ఈ పద్ధతులు గణితముతో నిరూపింపఁబడినవే. అయినను ఇక్కడ నొక వింత జరిగెను. లాంపోర్టు, మెలియర్‌స్మిత్తుల నిరూపణమును జాన్ రష్‌బీ, ఫ్రీడ్రిచ్ ఫాన్ హెంకె యను నిద్దఱు, 1989 ప్రాంతమున, కంప్యూటరు చేతనే ఒక్కొక్క మెట్టుగాఁ బరీక్షింపించిరి. పెక్కురు పండితులు చదివి మెచ్చిన ఆ నిరూపణములోనే తప్పులు బయటఁబడెను. పద్ధతి నిలిచినది, నిరూపణమును మాత్రము దిద్దవలసి వచ్చెను. వ్యాకరణమున సూత్రమునకు వార్తికము, దానికి భాష్యము పుట్టిన రీతి నెఱిఁగినవారికి ఇది క్రొత్తగాఁ దోఁపదు. కాని మనుష్యుని కంటికి దొరకని తప్పును యంత్రము పట్టుట నా మట్టునకు నాకు చిత్రముగానే యున్నది.

గడియారములు కలియకున్న నేమి జరుగునో లోకమెల్లఁ జూచిన దినమొకటి కలదు. 1981 ఏప్రిల్ 10వ తేదీన కొలంబియా యను ఆకాశనౌక తన తొలి ప్రయాణమునకు సిద్ధముగా నిలిచెను. జాన్ యంగ్, రాబర్టు క్రిప్పెన్ అను నిద్దఱు వీరులు లోపలఁ గూర్చుండిరి. నౌకలో నాలుగు ముఖ్య కంప్యూటరులు, వానికి తోడుగా, వేఱొకరు వ్రాసిన ఆజ్ఞలతో నడచు నైదవ కంప్యూటరు. ఆ నాలుగును చెడినచో ఈ యైదవది పగ్గములు పట్టుకొనవలెను. అందుకై అది ఎల్లప్పుడును ఆ నాలుగింటి మాటలు వినుచుండవలెను. ఎగురుటకు సుమారు ఇరువది నిమిషముల ముందు ఆ యైదవదానికి నాలుగింటి మాటలును వేళతప్పి వచ్చుచున్నట్లు కనఁబడెను. వేళతప్పిన మాటను నమ్మరాదని దానికి శాసనము. కావున అది వినుటయే మానెను. ప్రయాణమాఁగెను.

కారణము వెదకఁగా, కంప్యూటరులు నిద్రలేచిన తొలిక్షణమునందే చిక్కుండెను. రెండేండ్ల క్రిందట ఎక్కడనో చేసిన యొక చిన్న మార్పువలన, మొదట మేల్కొను కంప్యూటరు తన కాలమును నిర్ణయించుకొనుటలో తప్పుటకు 67లో ఒక యవకాశ మేర్పడినదఁట. ఆ యొక్కటియు ఆ దినముననే తగిలెను. నాలుగును కలిసియే తప్పినవి గనుక వానిలోఁ దమకు తగవు రాలేదు. వినుచున్న యైదవదే గుర్తించెను. ఒక్కసారి ఆర్పి మరల వెలిగించినచో చిక్కు విడిపోవును. అట్లే చేసి ఏప్రిల్ 12న నౌకను పంపిరి. అది యూరి గగారిన్ ఆకాశమున కేఁగిన దినమునకు సరిగా ఇరువదియేండ్లు. నడచుచున్న గడియారములను కలిపి యుంచుట ఒక యెత్తు. ఆగియున్న గడియారములను మొదటిసారి కలుపుట మఱియొక యెత్తని ఈ కథవలన ఇంజినీర్లు తెలిసికొనిరి.

ఆకాశనౌకలకును విమానములకును గావలసిన ఈ విద్య తరువాత నేలమీఁదికి దిగెను. ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో హెర్మన్ కోపెట్జు అను నాచార్యుఁడు, కొనలు కోసి మిగిలినవాని సగటు గైకొను పద్ధతితో, వంతులప్రకారము మాటలాడు కంప్యూటరుల యేర్పాటును వృద్ధిచేసెను. మోటారుకార్లకై ఫ్లెక్స్‌రే యను మఱియొక యేర్పాటు పుట్టి, 2006లో బి.ఎం.డబ్ల్యు. వారి కారులో మొదట ప్రవేశించెను. అందలి నియమము లించి లుండేలియసులదే: విన్న సంఖ్యలు మూఁడు మొదలు ఏడువఱకు ఉన్నచో చెఱియొక కొనయందును ఒకదానిని, ఏడింటికి మించినచో చెఱి రెండింటిని త్రోసివేసి, మిగిలినవానిలోఁ జిన్నదానికిని పెద్దదానికిని నడిమిదానిని గైకొనుట.

ఇఁక మిగిలినది చిప్పు. గోరంత సిలికాను పలకమీఁద కోట్లకొలఁది మీటలు సెకనునకు నూఱుకోట్లమార్లు ఒక్క తాళమునకు ఆడుచుండును. అంత వేగమున వెలుఁగైనను ఒక తాళమునకును మఱొక తాళమునకును నడుమ సుమారు ముప్పది సెంటీమీటర్లే పోఁగలదు. తీఁగెలోని స్పందము ఇంకను తక్కువ. ఒక్క మద్దెలవాఁడు తాళము వేయఁగా పలకలోని నాలుగు మూలలకు అది ఒక్కసారి చేరునట్లు చేయుట యెంతో ప్రయాసము. ఆ మద్దెలవాఁడు తప్పినచో చిప్పంతయు వ్యర్థము. కావున వియన్నాలోనే ఉల్రిచ్ ష్మిడ్ మొదలైనవారు ఈ శతాబ్దపు తొలి దశకమున, స్ఫటికమే లేకుండ, చిన్నచిన్న విద్యుద్వలయములు ఒకదాని నొకటి విని తాళము వేయు పద్ధతిని చిప్పులో నిర్మించిరి.

ఆ పద్ధతి యొక్క మూలము శ్రీకాంత్, టూయెగ్ అనువారు 1987లో చెప్పిన సూత్రము. శంఖము లూదువారు నలుగురున్నారు, వారిలో ఒకఁడు దుష్టుఁడై యుండవచ్చు ననుకొనుఁడు. తనతోఁగూడ మువ్వురు ఐదవ శంఖ మూదినట్లు విన్నవాఁడు ఆఱవది యూదును. దుష్టుఁడు మూఁగయై కూర్చున్నను మంచివారు మువ్వురున్నారు గనుక తాళమాఁగదు. తాను వెనుకఁబడి యుండఁగా తనకంటె ముందున్నవారు ఇద్దఱు వినఁబడినచో, వారిలో ఒకఁడైనను మంచివాఁడగుట నిశ్చయము గనుక, తానును వారిని కలిసికొనును. ఒక్కఁడే ముందుకు దూఁకి యూదినచో వానిని లెక్కచేయఁడు. ఈ రెండు మాటలే ఆ వలయములలో తీఁగెలుగా మాఱి యున్నవి. గంటలేదు, ముల్లులేదు, పెద్దలేఁడు. ఆకాశమునుండి దూసికొనివచ్చు అణుకణమొకటి తగిలి ఒక వలయము క్షణకాలము పిచ్చెత్తినను, తక్కిన వలయములు తాళము తప్పక నడచును.